దోర్నాల పలక మీద లంక లెక్క

పెద్దదోర్నాల,
6 మార్చి 2025

అరుణకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. శివరాత్రి జనం పోయి వారం దాటినా కాళ్ళ వాపు దిగలేదు. కూర్చుని రాసేంత విశేషమూ లేదు. మీ పెద్దమ్మేమో ఫోన్ చేసి మాట్లాడరాదా అంటుంది. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోన్‌లో నేను "ఏందీ, ఏందీ" అనడానికే సగం సేపు పోతుంది. మిగతా సగం నువ్వు బాగున్నారా అని అరవడానికి పోతుంది. కాగితమైతే నా మాట నేను చివరిదాకా చెప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ అడ్డం రారు. రాసిందాన్ని పెద్దమ్మ ఫొటో తీసి నీకు పంపుతుంది. తీసేముందు చదువుతుంది కూడా, కాబట్టి ఆమె గురించి ఏమీ రాయను.

నువ్వు పోయినసారి రాసిన సంగతి, జనవరిలో లంకకు రెండున్నర లక్షల మంది విదేశీయులు వచ్చారన్నది, నాకు బాగా నచ్చింది. ఒక దేశం తన గడప తొక్కినవాళ్ళను నెల నెలా లెక్కపెట్టి చెప్తుందంటే మెచ్చుకోవాలి. మన హోటల్లో కూరల పేర్లు రాసే పలక మీద, దోసకాయ పప్పు కింద, ఆ అంకె రాసిపెట్టాను. మరునాడు ఒక లారీ డ్రైవరు దాన్ని చూసి, గల్లా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఇది ఓపెనా క్లోజా అని అడిగాడు. మట్కా నంబరనుకున్నాడు. లంకకు వచ్చిన జనమయ్యా అంటే, చెప్పడం ఇష్టం లేక మాట మారుస్తున్నానని కోపగించుకుని మజ్జిగ కూడా తాగకుండా పోయాడు. అప్పటినుంచి పెద్దమ్మ ఆ పలకను తుడుస్తూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను.

నా ఆలోచన ఏమిటంటే, ఏ ఊరి తలుపుకైనా లెక్క ఒకటే. మన శ్రీశైలం రోడ్డు చూడు. శివరాత్రి, ఆ వెనకే ఉగాదికి నడిచొచ్చే కన్నడ భక్తులు. అంతే. ఆ తర్వాత మళ్ళీ కార్తీకం దాకా ఈగలు తోలుకోవడమే. మీ లంకకూ అదే జరుగుతుంది, చూస్తూ ఉండు.

ఇక అసలు సంగతి. మార్కాపురం నుంచి రాజేష్ అని ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళ నాయన పలకల వ్యాపారం పడిపోయాక ఇతను హోటళ్ళ మీద పడ్డాడు. మన హోటల్ బాడుగకు కావాలంటాడు, ఏసీ పెడతాడట. "తాతా, నువ్వు ఇంట్లో కూర్చో, బాడుగ నీ మంచం కాడికొస్తది" అన్నాడు. ఉగాది పోనీ అన్నాను. అక్కడ నీకు ఇచ్చిన ఏడాది పని జూన్‌తో అయిపోతుంది కదా. మీ ఆయన పోయి నువ్వు మా దగ్గరికి వచ్చిననాటి నుంచి నడిమి పొయ్యి నీది. ఆ పొయ్యి వల్లే ఈ హోటల్‌కు పేరు. నువ్వొచ్చి దీన్ని నడుపుతావంటే రాజేష్‌కు వద్దని చెప్తాను. రాకపోతే ఇచ్చేస్తాను. వస్తావా అని నేను అడగడం లేదు. ఊరికే సంగతి చెప్తున్నాను.

ఇట్లు,
పెదనాయన
గురవయ్య


కాండీ,
21 మార్చి

పెదనాయనకూ పెద్దమ్మకూ అరుణ నమస్కారాలు.

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదువుకుని నవ్వుతుంటే, ఇక్కడ నాతో పనిచేసే పిల్లలు నాకేదో అయిందనుకున్నారు. మట్కా సంగతి మా హోటల్ యజమానురాలు సరోజమ్మగారికి చెప్పాను. తమిళావిడ, నా తెలుగూ ఆవిడ తమిళమూ కలిపి ఎట్లాగో నడుస్తోంది. ఆవిడ పడీ పడీ నవ్వి, మాక్కూడా అది మట్కానే అంది. నిజమే పెదనాయనా. ప్రతి నెలా మొదటి వారంలో ప్రభుత్వం అంకె చెప్పగానే ఆవిడ దాన్ని వంటింటి తలుపు మీద అంటిస్తుంది. దాన్ని చూసే బియ్యం తెప్పిస్తుంది, దాన్ని చూసే సెలవులు ఇస్తుంది.

ఫిబ్రవరికి రెండు లక్షల నలభై వేలు వచ్చింది. తగ్గింది కదా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఫిబ్రవరికి రోజులు తక్కువ కదా, రోజు లెక్కన చూస్తే జనవరి కంటే ఎక్కువే వచ్చారు అంది. వేళ్ళ మీద లెక్క వేసుకుని చూశాను, నిజమే.

మన తెలుగువాళ్ళ గుంపులు వారానికి రెండయినా వస్తున్నాయి. రాముడు తిరిగిన చోట్లన్నీ చూడాలని వస్తారు, వచ్చి మొదట అడిగేది మాత్రం పప్పెక్కడ అని. ఆనాడు మన హోటల్లో భోంచేసిన విజయవాడ ట్రావెల్స్ ఆయన నన్ను ఎందుకు ఇంతదూరం తెచ్చాడో ఇక్కడికొచ్చాకే అర్థమైంది. కొబ్బరినూనె వాసన వస్తే మనవాళ్ళు పళ్ళెం ముందు నుంచి లేచిపోతారు. మొన్న నర్సరావుపేట అవ్వ ఒకామె వంటింట్లోకి వచ్చి, నా గోంగూర రుచి చూసి, ఏ ఊరమ్మా మీది అంది. దోర్నాల అన్నాను. శ్రీశైలం పోయినప్పుడల్లా అక్కడే తింటాం అంది. ఏ హోటల్ అని అడగలేదు, మనది కాదంటుందేమోనని భయం వేసింది.

రాజేష్‌కు ఇచ్చేయండి పెదనాయనా. మీ మోకాళ్ళకు ఆ పొయ్యిల దగ్గర నిలబడే శక్తి లేదు. నా కోసమని ఆపవద్దు. నా సంగతి నేను చూసుకుంటాను.

మీ
అరుణ


పెద్దదోర్నాల,
5 ఏప్రిల్

అరుణా,

నీ ఉత్తరం అందింది. అంతా బాగుంది, చివరి మాట తప్ప. "నా సంగతి నేను చూసుకుంటాను" అని మన ఇంట్లో ఎవరు ఎప్పుడు అన్నా, చూసుకోలేకుండా ఉన్నప్పుడే అన్నారు. మీ నాయన నా తమ్ముడు కాబట్టి చెప్తున్నాను. వాడు జ్వరంతో పడి ఉండి కూడా అదే మాట అనేవాడు.

ఫిబ్రవరి గురించి సరోజమ్మగారు చెప్పింది తెలివైన మాటే, కానీ అది బాధలో ఉన్నవాళ్ళు చెప్పుకునే తెలివి. నేనూ అట్లాంటివి చాలా చెప్పుకున్నాను. జనం పలచబడినప్పుడు, తగ్గింది జనం కాదు, ఎండ వల్ల ఆకలి తగ్గింది అని పెద్దమ్మకు చెప్పేవాణ్ణి. ఇంకొక అనుమానం. జనవరిలో వచ్చిన మనిషే మార్చిలో మళ్ళీ వస్తే వాళ్ళు ఒకరిగా లెక్కేస్తారా, ఇద్దరిగానా? ఇద్దరిగా అయితే మన చెక్‌పోస్టు దగ్గర టీ తాగే గార్డు ఒక్కడే నా హోటల్‌కు ఏడాదికి వెయ్యిమంది యాత్రికులు.

ఉగాది బాగా జరిగింది. కన్నడ వాళ్ళు కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, పాటలు పాడుకుంటూ వచ్చి, మన పందిట్లో పడి నిద్రపోయి, లేచి కొండెక్కారు. వంటకు రామయ్య ఒక్కడే నిలబడి రెండు పొయ్యిలూ చూసుకున్నాడు. ఇప్పుడు రోడ్డు ఖాళీ. రాజేష్ మళ్ళీ వచ్చాడు. ఇడ్లీ తింటూ తింటూనే జేబులోంచి టేపు తీసి గోడ కొలిచాడు. చట్నీ చేత్తో కొలవడం వల్ల గోడకు అయిన మరక ఇంకా పోలేదు. వేసవి పోనీ అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు గాని సరే అన్నాడు.

జాగ్రత్తగా ఉండు. మార్చి అంకె రాయి. తగ్గి ఉంటుంది.

పెదనాయన


కాండీ,
24 ఏప్రిల్

పెదనాయనా,

నవ్వుతాలకు అంటున్నానని అనుకోవద్దు, మీరు చెప్పినట్టే తగ్గింది. మార్చికి రెండు లక్షల ఇరవై తొమ్మిది వేలు. ఏప్రిల్ ఇంకా తగ్గుతుందట. మే అంటే ఇక్కడి హోటళ్ళవాళ్ళకు మాట పెగలదు. తెల్లవాళ్ళకు వాళ్ళ ఊళ్ళో ఎండ వచ్చిందిగా, ఇక్కడికి రావలసిన అవసరం తీరిపోయింది. మీ అనుమానానికి జవాబు, ఇద్దరిగానే లెక్కేస్తారు. మీ గార్డు ఇక్కడి మనిషి కాదు గాని, అయి ఉంటే సన్మానం చేసేవాళ్ళు.

మేడ మీది గదులన్నీ తాళం వేశారు. వంటింట్లో సగం మందిని ఇళ్ళకు పంపారు. నేనూ ఇద్దరు పిల్లలూ మిగిలాం. మధ్యాహ్నం పూట చేయడానికేం లేక గిన్నెలు రెండోసారి తోముతున్నాను.

పద్నాలుగో తేదీన సరోజమ్మగారు నన్ను పిలిచి, పళ్ళెంలో తమలపాకులు, అరటిపండ్లు పెట్టి, చీర ఇచ్చింది. పచ్చ రంగు, సన్న అంచు. ఇన్నాళ్ళు నా ఇంటివాళ్ళకు అన్నం పెట్టావు అంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చినాయి. ఫొటో పంపుతున్నాను, పెద్దమ్మకు చూపించండి.

ఇంకొక మాట చెప్పాలనుకున్నాను. తర్వాత రాస్తాలే.

అరుణ


పెద్దదోర్నాల,
11 మే

తల్లీ,

చీర సంగతి చదివాను. ఫొటో చూశాను. ఇక దాని గురించి మనం మాట్లాడుకోవద్దు. నువ్వు తర్వాత రాస్తానన్న మాట కూడా రాయనక్కరలేదు. నాకు అర్థమైంది.

వేరే సంగతి చెప్తాను. నేను చిన్నతనంలో గిద్దలూరు స్టేషను దగ్గర ఒక హోటల్లో ప్లేట్లు కడిగేవాణ్ణి. పకోడీలు కట్టే పేపరు ముక్కల మీదే నేను చదువు నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ఏ వార్తా మొదలూ చివరా తెలియవు, నడుమ మాత్రమే తెలుసు. ఆ హోటల్ ఆయన వంటవాళ్ళను ఎప్పుడూ పొమ్మని అనలేదు. జనం తగ్గి, మనిషి ఎక్కువైనప్పుడు, పళ్ళెంలో తాంబూలం పెట్టి, కొత్త బట్ట పెట్టి, చేతికిచ్చేవాడు. పండగ కాని రోజున బట్ట వచ్చిందంటే అర్థం అదే. వంటవాడు కళ్ళకద్దుకుని తీసుకుని, గరిటె బోర్లించి వెళ్ళిపోయేవాడు. "అన్నం వండినోన్ని నోటితో పొమ్మనగూడదురా" అని ఆయన నాకు చెప్పినాడు. నేనూ నా హోటల్లో అదే పాటించాను. బట్ట తీసుకున్నవాడు మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికి పనికి రాడు, నేనూ పిలవను. ఇందులో ఎవరూ తలదించుకోవలసింది ఏమీ లేదు. జనం తగ్గడం వంటవాళ్ళ తప్పా?

నీకు తెలిసిన సంగతే. అయినా చెప్పాలనిపించింది.

నిన్న మన రామయ్యకు పంచె పెట్టాను. ఇన్నేళ్ళు ఉన్నవాడు, ఒక్క మాట అడగలేదు. పళ్ళెం తీసుకుని, గరిటె బోర్లించి, పెద్దారవీడు బస్సెక్కాడు. రాజేష్‌కు కూడా వద్దని చెప్పేశాను. "తాతా, ఇదేందిట్ల చేస్తివి" అని గొణిగి, బండి స్టార్టు చేసుకుని పోయాడు.

పొయ్యిలు మూడూ అలికించాను. హోటల్ ఎక్కడికీ పోదు. నువ్వు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడే రా.

పెదనాయన


కాండీ,
29 మే

పెదనాయనకు,

మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. రామయ్య మామను పంపించేసేంత దెబ్బ తగిలిందా? జనం తగ్గారని రాశారు గాని, ఇంతగా తగ్గారని రాయలేదు. ఇప్పుడు పొయ్యి దగ్గర ఎవరు నిలబడుతున్నారు? మీరేనా? ఆ మోకాళ్ళతోనా? రాజేష్‌ను ఎందుకు పొమ్మన్నారు? అతను ఏమైనా మాట తూలాడా?

చీర గురించి మాట్లాడవద్దన్నారు, ఎందుకో అర్థం కాలేదు. పెద్దమ్మకు పంపకుండా నేను ఉంచుకున్నానని కోపమేమో అనుకున్నాను. అదే రంగులో ఒకటి కొన్నాను. వచ్చేటప్పుడు తెస్తాను.

అవును, వస్తున్నాను. నిన్న సరోజమ్మగారితో చెప్పాను, జూన్ ఆఖరుకు వెళ్ళిపోతానని. ఆలోచించుకో అంది. ఆలోచించుకోవడానికేముంది, మా పెదనాయన ఒక్కడే ఉన్నాడు అన్నాను.

ఏప్రిల్ లక్షా డెబ్బై నాలుగు వేలు. మీరు అడుగుతారని రాస్తున్నాను.

నేను వచ్చేదాకా పెద్ద గంగాళాలు ఎత్తవద్దు.

అరుణ


పెద్దదోర్నాల,
14 జూన్

అరుణా,

వస్తానన్నావు, చాలు. పప్పు, బియ్యం తెప్పించాను. నడిమి పొయ్యికి కొత్త బర్నరు వేయించాను. గంగాళాలు ఎత్తడం లేదు, ఎందుకంటే వండడమే లేదు. పొద్దున టిఫిను, అది కూడా పెద్దమ్మ చేస్తోంది. ఎవరైనా భోజనం అడిగితే మా వంటామె లంక నుంచి వస్తోంది, ఆగండి అంటున్నాను. పోయినవారం ఒకాయన, అయితే వంతెన కట్టాలా అన్నాడు. కట్టడం అయిపోయింది, దాటడమే ఆలస్యం అన్నాను.

విజయవాడ ట్రావెల్స్ ఆయన శ్రీశైలం పోతూ ఆగాడు. మే అంకె చెప్పాడు. లక్షా ముప్పై మూడు వేలట. జనవరిలో సగం. నేను ముందే చెప్పాను కదా, ఏ తలుపుకైనా లెక్క ఒకటేనని. కార్తీకం దాకా అక్కడ మీకు పనుండదు.

ఇప్పుడు దాపరికం ఎందుకు? వాళ్ళు నీకు తాంబూలం పెట్టి, చీర పెట్టి పంపించారని నాకు అప్పుడే తెలిసింది. నవ్వుతూ రాశావు, నేను బాధపడతానని. ఏడాదిపాటు పరాయి దేశంలో అన్నం వండి, చీరతో మర్యాదగా తిరిగి వస్తున్నావు. అందుకే రామయ్యను పంపి పొయ్యి ఖాళీ చేయించాను. నువ్వు వచ్చి ఇంకొకరి పక్కన చేయిచాచి నిలబడకూడదు.

పెదనాయన

అరుణా, పెద్దమ్మను రాస్తాండాను. ఈయన రాసింది చదివి నాకు తల తిరిగింది. ఇన్నాళ్ళు చదివి ఫొటో తీసినా నాకు ఇది తట్టలా. హోటల్ బాగనే ఉన్నింది. రామయ్య బాగనే చేస్తాన్నాడు. నిన్ను తీసేసినారని ఈయనకు ఈయనే అనుకొని అందర్నీ పంపించినాడు. రామయ్య పోయిన దినం ఈయన అన్నం తిన్లేదు. నన్ను అడగొద్దంటాడు గాని నేను అడుగుతా. నిన్ను తీసేసినారా, లేదా? ఆ ఒక్కటి చెప్పు. చీర నాకొద్దు. నువ్వు కట్టుకొనే రంగు అది.


కాండీ,
17 జూన్

పెదనాయనా, పెద్దమ్మా,

నన్ను ఎవరూ తీసేయలేదు.

ఏప్రిల్ పద్నాలుగు ఇక్కడ కొత్త సంవత్సరం. మన ఉగాది లాంటిది. అందరి ఇళ్ళలో తమలపాకులు ఇచ్చి బట్టలు పెడతారు. తోటమాలికి పెట్టింది, కారు తుడిచే అతనికి పెట్టింది, నాకూ పెట్టింది. పండగ అని రాయడం మరిచిపోయాను. రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. మన హోటల్లో ఏళ్ళ తరబడి ఆ పంచెలు నేనే మడత పెట్టి పళ్ళెంలో సర్దాను. నాకే తట్టలేదు, మీకెట్లా తడుతుంది?

తర్వాత రాస్తానన్న మాట ఇప్పుడు రాస్తాను. చీర ఇచ్చిన రోజే సరోజమ్మగారు ఒకటి అడిగింది. కొండల మీద నువర ఎలియ అనే ఊళ్ళో ఆవిడ ఇంకొక హోటల్ తెరుస్తోంది. అక్కడి సీతమ్మ గుడికి మనవాళ్ళంతా పోతారు. ఆ వంటిల్లు మొత్తం నన్ను చూసుకోమంది. రెండేళ్ళు. నా కింద ఆరుగురు. వంట ఏదో, మనుషులు ఎవరో, అంతా నా ఇష్టం. రెండు నెలలు మీకు చెప్పలేకపోయాను. నా కోసం హోటల్ పట్టుకుని కూర్చున్నారని తెలుసు. అందుకే రాజేష్‌కు ఇచ్చేయండి అన్నాను. మీరు ఇచ్చేస్తే, చెప్పడం సులువవుతుందనుకున్నాను. తర్వాత మీ ఉత్తరం చూసి, హోటల్ మునిగిపోయిందనుకుని ఆవిడకు వద్దని చెప్పాను.

ఇక్కడి లెక్క మన లెక్క కాదు పెదనాయనా. మే నెలే అట్టడుగు. అక్కడి నుంచి లేస్తుంది. జూలైలో తెల్లవాళ్ళ బడులకు సెలవులు, కాండీలో ఏనుగుల ఊరేగింపు. వాళ్ళకు ఏడాదికి రెండు కార్తీకాలు. ఆవిడ నేను వద్దన్నా ఇంకెవరినీ పెట్టలేదు. ఈ నెల ఇరవై ఐదులోగా చెప్పమంది.

నాకు పోవాలని ఉంది. ఇంతకాలానికి నాకంటూ ఒకటి కావాలని ఉంది. కానీ మీరు రమ్మంటే వస్తాను, వచ్చి ఒక్కనాడు కూడా ఈ మాట ఎత్తను. రామయ్య మామ సంగతి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

అరుణ


పెద్దదోర్నాల,
19 జూన్

అరుణా,

పో. ఇప్పుడే ఆవిడకు చెప్పు. ఇది చదవడం ఆపి ముందు ఆ పని చెయ్యి.

చెప్పావా? సరే. నేను ముసలివాణ్ణి. నాకు ఒక్క రోడ్డే తెలుసు, ప్రపంచమంతా ఆ రోడ్డు మీదే ఉందనుకున్నాను. నువ్వు వచ్చి ఒక్కనాడు కూడా ఈ మాట ఎత్తనన్నావే, అదే నాకు భయం. ఎత్తకుండా నువ్వు వండే పప్పు నేను తినలేను.

రాజేష్ నిన్ననే జంక్షన్‌లో ఇంకొకరి కొట్టు మాట్లాడుకున్నాడు. ఏసీ డబ్బాలు కూడా దిగాయి. అందులో అతని తప్పు లేదు. రామయ్య దగ్గరికి పోవాలి. ఏం మొహం పెట్టుకుని పోవాలో ఆలోచిస్తున్నాను. ఉన్నది ఒకటే కాబట్టి దాన్నే తీసుకుపోతాను.

పెదనాయన


నువర ఎలియ,
6 ఆగస్టు

పెదనాయనకూ పెద్దమ్మకూ నమస్కారాలు.

వచ్చి నెలయింది. ఇక్కడ చలి. పెరుగు తోడుకోదు, గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పడుకోబెడుతున్నాను. ఆరుగురిలో నలుగురు నా మాట వింటారు, ఒకడు వింటున్నట్టు తల ఊపుతాడు, ఒక పిల్ల తిరిగి నాకే చెప్తుంది. ఆ పిల్లే పనికొస్తుంది.

జూలై అంకె వచ్చింది. రెండు లక్షలు దాటింది. సరోజమ్మగారు ఫోన్ చేసి, మీ పెదనాయనకు వెంటనే రాయి అంది. తలుపు మీద నేనే అంటించాను. జనం వస్తున్నారు పెదనాయనా. మొన్న ఒకే రోజు మూడు బస్సులు. ఉప్పు ఎంత వేశానో గుర్తులేనంత పని.

మీరు రామయ్య మామ గురించి ఇంతవరకూ రాయలేదు. పెద్దమ్మను ఫోన్‌లో అడిగితే, ఆయనే రాస్తాడులే అంటుంది. నేను అడగడానికి భయపడుతున్నాను. రాయండి.

అరుణ


పెద్దదోర్నాల,
18 ఆగస్టు

అరుణా,

రామయ్య సంగతి తేలకుండా రాయకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు తేలింది.

పెద్దమ్మా నేనూ ఆటోలో పెద్దారవీడు పోయాం. ఆటోవాడు నల్లమల గాలి మంచిదని పరదాలు ఎత్తేశాడు. ఆ గాలితో పాటు సగం రోడ్డు మా నోట్లోకి వచ్చింది. రామయ్య బర్రెకు మేత వేస్తున్నాడు. మంచం వాల్చాడు, మజ్జిగ ఇచ్చాడు, నీ గురించి అడిగాడు. నా గురించి ఒక్క మాట అడగలేదు. జరిగిందంతా చెప్పాను. చీర, లంక, మే నెల, అన్నీ. విని బర్రె ముందు ఇంకొంత మేత వేశాడు.

"నా తప్పే రామయ్యా. మళ్ళా రా" అన్నాను.

"అదెట్లన్నా" అన్నాడు. "పంచె తీసుకున్నాక మళ్ళా అదే పొయ్యి కాడ కూలికి నిలబడితే నాకేం మర్యాద? నీకేం మర్యాద? రేపు నువ్వు ఇంకొకనికి పంచె పెడితే వాడు తీసుకుంటాడా?"

నేను పెట్టిన కట్టుబాటే అది, నేనే దాటమని ఎట్లా అడగను? లేద్దామని మంచం పట్టె పట్టుకున్నాను. మీ పెద్దమ్మ కదల్లేదు.

"కూలికి నిలబడొద్దు రామయ్యా" అంది. "గల్లా కాడ కూర్చో. హోటల్ నువ్వే తీసుకో. పొయ్యి నీదైతే పంచె యాడ అడ్డమొస్తాది?"

రామయ్య ఆమె వైపు చూశాడు. "నా కాడ ఏముంది వదినా, బాడుగకు" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వల్ల నాకు వినపడలేదు. వినపడాలని వాళ్ళకూ ఉన్నట్టు లేదు. మధ్యలో బర్రె అరవడం మాత్రం వినిపించింది. చివరకు ఇద్దరూ నా వైపు తిరిగి తల ఊపారు, నేనూ ఊపాను. రామయ్య ఇల్లాలు ఒక్క రోజు గడువడిగింది. తర్వాత వాళ్ళకు ఎన్నో సందేహాలు వచ్చాయి, ఒక్కొక్కటే తీర్చేసరికి శ్రావణం వచ్చింది.

పోయిన గురువారం రామయ్య తన గరిటెలు తానే తెచ్చుకుని పొయ్యి వెలిగించాడు. నా గరిటెలు పక్కన పెట్టాడు. గల్లా బల్ల వెనక దేవుడి పటం ఒకటి అతని కొడుకు తగిలించాడు. నేను రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజు నుంచి పెద్దమ్మ నన్ను బయటికి పొమ్మంటోంది. నోటితోనే.

నీ రెండో కార్తీకం సంగతి రాజేష్ కొట్టు దగ్గర ఇద్దరికి చెప్పాను. ఒకడు నమ్మాడు.

పెరుగుకు రెండు పచ్చిమిరప తొడిమలు వేసి చూడు.

పెదనాయన
గురవయ్య

మరొక మాట. నిన్న మధ్యాహ్నం హోటల్‌కు భోజనానికి పోయాను. అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నాను. రామయ్యే వడ్డించాడు. సాంబారులో ఉప్పు ఎక్కువయింది. ఇంకొంత అన్నం పెట్టించుకుని కలుపుకున్నాను. తిని, చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చాను.